కట్టడం పని నడిపించడం ఎలా: ముగ్గు పోసిన రోజు నుంచి తాళాలు అప్పగించే దాకా

చీర కొనేటప్పుడు మడత విప్పి, వెలుగులో పెట్టి, అంచు తిరగేసి చూస్తాం. ఇంటి విషయంలో ఆ వీలు లేదు. ఫుటింగ్ (స్తంభం కింది పునాది దిమ్మ) మీద మట్టి పడుతుంది. ఇనుప ఊచల మీద కాంక్రీటు పడుతుంది. గోడలోని పైపుల మీద ప్లాస్టరింగ్, దాని మీద లప్పం, దాని మీద రంగు. పని పూర్తయ్యేసరికి ఇంటి బలమంతా కంటికి కనబడని చోటికి వెళ్లిపోతుంది. అందుకే నా దృష్టిలో ఈ రంగంలో మేనేజ్‌మెంట్ అంటే ముఖ్యంగా రెండు పనులు: కప్పేసే ముందు చూడటం, చూసింది రాసి పెట్టడం. చార్టులు, సాఫ్ట్‌వేర్లు, మీటింగులు ఈ రెండింటికీ సాయం చేసేవే.

డిప్లొమానో, బీటెక్కో పూర్తి చేసి మొదటిసారి సైట్‌లో అడుగుపెట్టేవారి కోసం ఇది రాస్తున్నాను. సొంతిల్లు కట్టుకునేవారికీ, మేస్త్రీగా ఉంటూ చిన్న కాంట్రాక్టులు మొదలుపెట్టినవారికీ పనికొస్తుంది. లెక్కల కోసం ఒక ఉదాహరణ పెట్టుకుందాం: 200 గజాల స్థలం, 30 అడుగుల ముఖం, 60 అడుగుల పొడవు. ఒక్కో అంతస్తు 1,200 చదరపు అడుగులు. కింద ఒక ఇల్లు, పైన ఒక ఇల్లు. సెంట్లలో లెక్కపెట్టే ఊళ్లవారికి: ఒక సెంటు 48.4 గజాలు, కాబట్టి ఇది నాలుగు సెంట్ల పైచిలుకు స్థలం.

1. ముందు మనుషులను తెలుసుకోండి

ఇల్లయినా, ఆనకట్టయినా మూడు పక్షాలు ఉంటాయి. డబ్బు పెట్టే యజమాని. గీసి ఇచ్చేవారు, అంటే ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజినీరు. కట్టి ఇచ్చే కాంట్రాక్టరు. ఈ ముగ్గురిలో ఎవరి మాట ఎక్కడిదాకా చెల్లుతుందో తేలకపోతే గొడవలు అక్కడే మొదలవుతాయి. యజమాని సైట్‌కి వచ్చి "ఈ స్తంభం అడ్డంగా ఉంది, అర అడుగు పక్కకి జరపండి" అని మేస్త్రీకి చెప్తాడు. మేస్త్రీ జరిపేస్తాడు. స్ట్రక్చరల్ ఇంజినీరుకి ఆ సంగతే తెలియదు. కాబట్టి మొదటి రోజే ఒక నియమం పెట్టుకోండి: డ్రాయింగ్‌లో మార్పు ఏదైనా గీసినవారి సంతకంతోనే జరగాలి. వాట్సాప్‌లో పంపినా సరే, వారి నుంచి వచ్చిన మాటే చెల్లాలి.

కాంట్రాక్టరు కింద ఇంకో లోకం ఉంటుంది. మట్టి పనివారు, ఊచలు వంచి కట్టే రాడ్ బెండింగ్ బ్యాచ్, కాంక్రీటుకు అచ్చు కట్టే సెంట్రింగ్ బ్యాచ్, తాపీ మేస్త్రీలు, కాంక్రీటు గ్యాంగు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్, ప్లంబరు, టైల్స్ వేసేవారు, పెయింటర్లు. ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో మేస్త్రీ. అతను చెప్తేనే పని కదులుతుంది. పాలమూరు జిల్లా నుంచి గుంపు మేస్త్రీల వెంట అడ్వాన్సులు తీసుకుని దేశమంతా ఆనకట్టలు, కాలువలు కట్టడానికి వెళ్లిన కూలీల చరిత్ర మనకుంది. ఈ రోజు హైదరాబాద్ సైట్లలో బీహార్, ఒడిశా, జార్ఖండ్ వాళ్లు అదే పద్ధతిలో వస్తున్నారు. కొత్త ఇంజినీరు ముందుగా నేర్చుకోవాల్సింది ఈ మేస్త్రీలతో మర్యాదగా మాట్లాడటం. ఇరవై ఏళ్లుగా ఊచలు కడుతున్న మనిషికి మీ కాలేజీ చెప్పనివి చాలా తెలుసు. తెలియనివీ ఉంటాయి. రెండూ గుర్తుపెట్టుకోండి.

2. కాగితాలు లేకుండా గడ్డపార వేయొద్దు

తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంతో అనుమతుల పద్ధతి మారింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. ఆ పైన 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. మన ఉదాహరణ ఇల్లు ఈ కోవలోకే వస్తుంది. ఆ హద్దులు దాటితే 21 రోజుల గడువుతో సింగిల్ విండో. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ప్లాన్ అనుమతులు ఆన్‌లైన్‌లోనే. సొంత ధ్రువీకరణ అంటే బాధ్యత మీ నెత్తిన ఉన్నట్టు. చుట్టూ వదలాల్సిన ఖాళీ తప్పుగా చూపించి కడితే రేపు కూల్చినా అడిగే హక్కు ఉండదు.

అమ్మడానికి కట్టే అపార్ట్‌మెంట్ అయితే 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం వర్తిస్తుంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కొనేవారి దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే తెరిచిన ఖాతాలో ఉండాలి. రాతపూర్వక ఒప్పందం రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అప్పగించాక అయిదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఈ చివరి షరతే సైట్ ఇంజినీరు పనిని మార్చింది. ఈ రోజు మీరు పట్టించుకోని తడి మరక నాలుగేళ్ల తర్వాత మీ కంపెనీ ఖర్చవుతుంది.

3. నేలను అడగండి

ముప్పై అడుగుల దూరంలో పక్కింటి పునాది ఎంత లోతో కనుక్కుని అంతే తవ్వేయడం మనవాళ్ల అలవాటు. చాలాసార్లు సరిపోతుంది కూడా. కానీ హైదరాబాద్‌లో ఒకే ప్లాటులో ఒక మూల గట్టి రాయి, ఇంకో మూల పూడ్చిన చెరువు మట్టి ఉండొచ్చు. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాలో మెత్తటి బంకమట్టి చాలా లోతుదాకా ఉంటుంది, అక్కడ పైల్స్ (లోతుకు దింపే స్తంభాల పునాది) వేయాల్సి రావచ్చు. మట్టి పరీక్షకు అయ్యే ఖర్చు మొత్తం ఇంటి ఖర్చులో చాలా చిన్నది. ఆ రిపోర్టు చేతికి వచ్చాకే స్ట్రక్చరల్ డ్రాయింగ్ గీయించండి.

తవ్వే రోజు ఒక ప్రాణాంతకమైన సంగతి చెప్పాలి. అయిదడుగులు దాటిన గొయ్యి అంచులు నిలువుగా వదలకండి. ఏటవాలుగా కోయండి, లేదా చెక్కలతో ఆపు పెట్టండి. తీసిన మట్టిని అంచున కుప్ప పోయొద్దు. గొయ్యి లోతులో సగమో, 1.5 మీటర్లో, ఏది ఎక్కువైతే అంత దూరం వేయాలి. వాన పడిన మర్నాడు గోతిలోకి మనుషులను దింపే ముందు అంచుల్లో చీలికలు ఉన్నాయేమో మీరే చుట్టూ తిరిగి చూడండి. మట్టి కూలితే అరుపు వినబడే వ్యవధి కూడా ఉండదు.

4. లెక్క కట్టడం

ఎస్టిమేట్ అంటే చదరపు అడుగుకి ఇంత అని గుణించడం కాదు. అది బేరానికి పనికొస్తుంది, పనికి కాదు. ప్రతి భాగాన్నీ కొలిచి, ఎంత సరుకు పడుతుందో తేల్చాలి. మన స్లాబునే చూద్దాం. 1,200 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం. అంటే 500 ఘనపుటడుగులు, 14 ఘనపు మీటర్ల పైన కాస్త. ఎం20 (ఇళ్లకు మామూలుగా వాడే బలం రకం) కాంక్రీటును సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు. స్లాబుకే 113 బస్తాలు, దూలాలు అదనం. ఈ అంకె ముందే మీ దగ్గరుంటే, స్లాబు అయ్యాక ఖాళీ సంచులు లెక్కపెట్టగానే సిమెంటు తగ్గిందా, పక్కదారి పట్టిందా తెలిసిపోతుంది.

ఊచల బరువుకి ఒక సూత్రం కంఠతా పట్టండి: మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 8 మి.మీ. ఊచ మీటరు 0.395 కిలోలు, 12 మి.మీ. 0.89, 16 మి.మీ. 1.58. పన్నెండు మీటర్ల 12 మి.మీ. ఊచ ఒకటి పదిన్నర కిలోలకు కొంచెం పైన తూగాలి. లారీ వచ్చినప్పుడు కాటా చీటీతో పాటు ఊచలు లెక్కపెట్టి చూడండి. భారతీయ ప్రమాణం ప్రకారం బ్యాచ్ బరువులో తేడా 10 మి.మీ. వరకు 7 శాతం, ఆ పైన 16 మి.మీ. దాకా 5 శాతం, అంతకు మించిన సైజులకు 3 శాతం దాకా అనుమతిస్తారు. అది దాటితే దింపుకోవద్దు.

5. ఒప్పందం రాసుకోండి

మన ఊళ్లలో ఇళ్లు రెండు పద్ధతుల్లో కడతారు. సరుకు యజమానిది, చేసేది మేస్త్రీ అయితే లేబర్ కాంట్రాక్టు. అన్నీ కాంట్రాక్టరే తెచ్చుకుంటే మెటీరియల్‌తో కలిపి కాంట్రాక్టు. మొదటిదాంట్లో యజమానికి నాణ్యత మీద పట్టు ఉంటుంది, కానీ సరుకు వృథా అయితే మేస్త్రీకి పట్టదు. రెండోదాంట్లో సరుకు టెన్షన్ ఉండదు, కానీ ఏ బ్రాండు సిమెంటు, ఏ టైలు, ఏ పైపు అన్నది ముందే రాసుకోకపోతే చవకవే వస్తాయి. రోజూ సైట్‌లో ఉండగలిగితేనే లేబర్ కాంట్రాక్టుకి వెళ్లమని నా సలహా.

ఏదైనా సరే, రాత ఉండాలి. అందులో చదరపు అడుగు ఎలా కొలుస్తారో స్పష్టంగా ఉండాలి. మెట్లు, బాల్కనీ, సజ్జలు, సంపు, ప్రహరీ అందులో చేరతాయా లేదా? గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. అదనపు పనికి రేటు ఎలా కట్టాలో కూడా ఇప్పుడే తేల్చాలి, పని అయ్యాక కాదు.

డబ్బు దశలవారీగా ఇవ్వాలి. నేను పాటించే పద్ధతి ఇది: ప్లింత్ బీమ్ (నేల మట్టంలో స్తంభాలను కలిపే దూలం) వరకు 15 శాతం, మొదటి స్లాబుకు 20, రెండో స్లాబుకు 20, గోడలకు 15, ప్లాస్టరింగ్‌కు 15, ఫ్లోరింగ్, మిగతా ఫినిషింగ్‌కు 10, అప్పగించి ఒక వానాకాలం గడిచాక 5. చేసిన పని కంటే ఇచ్చిన డబ్బు ఎప్పుడూ ముందుండకూడదు. అలాగని చేసిన పనికి డబ్బు ఆపొద్దు. శనివారం బట్వాడా ఆగితే సోమవారం బ్యాచ్ ఇంకో సైట్‌లో ఉంటుంది.

6. వరుస కుదర్చండి

1957లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో రూపుదిద్దుకున్న క్రిటికల్ పాత్ పద్ధతిని కాలేజీలో బాణాలతో, గుండ్రాలతో నేర్పుతారు. దాని సారం ఇంతే: కొన్ని పనులు ఒక రోజు ఆలస్యమైతే ఇల్లు ఒక రోజు ఆలస్యమవుతుంది, మరికొన్ని వారం ఆలస్యమైనా ఏమీ కాదు. ఏవి ఏవో మీకు తెలియాలి. ఫుటింగులు, స్తంభాలు, ప్లింత్ బీమ్, మళ్లీ స్తంభాలు, స్లాబు: ఇది గొలుసు, ఎక్కడ తెగినా అంతా ఆగుతుంది. ప్రహరీ గోడ గొలుసులో లేదు, ఎప్పుడైనా కట్టొచ్చు.

కానీ పుస్తకంలో లేని మెలికలు ఉంటాయి. బోరు, సంపు చివర్లో చూద్దామనుకుంటారు. క్యూరింగ్‌కి, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా తడుపుతూ ఉండటానికి, నీళ్లు ఎక్కడివి మరి? ముందు బోరు వేయండి, సంపు కట్టి స్లాబు మూయండి, ఆ నీళ్లతోనే ఇల్లు కట్టండి. ద్వారబంధాలు ఇంకో మెలిక. గోడ లేచేటప్పుడే నిలబెట్టాలి కాబట్టి కలప కోసి, ఆరబెట్టి, వడ్రంగి చేసి ఇచ్చే సమయం వెనక్కి లెక్కేసుకుని స్లాబు నాటికే ఆర్డరు ఇవ్వాలి. పైగా సింహద్వారం నిలబెట్టడానికి ముహూర్తం ఉంటుంది. ఆ వారంలో మూఢమో, ఆషాఢమో అడ్డం వస్తే నెల రోజులు పోతాయి. పంచాంగం చూసి షెడ్యూలు వేయడం వెనకబాటు కాదు. యజమాని ఎలాగూ చూస్తాడు, మీరు ముందే చూస్తే పని ఆగదు.

సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం మేస్త్రీలు ఊరెళ్తే వారం పది రోజులు రారు. ఛట్ పండుగకు, హోలీకి బీహార్ బ్యాచ్‌లు ఖాళీ అవుతాయి. నాట్ల సమయంలో ఊరి కూలీలు దొరకరు. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. ఇవన్నీ గోడ మీద పెట్టిన క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, ఆ తేదీల్లో స్లాబు పడకుండా సర్దుకోండి.

చేతిలో ఏముందో చూసి పద్ధతి ఎంచుకోవడానికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ను కాంక్రీటుతో కాకుండా రాతి కట్టడంగా లేపారు. దేశంలో యంత్రాలకు, విదేశీ డబ్బుకు కరువున్న రోజులవి. రాయి ఉంది, చేతులున్నాయి. 124 మీటర్ల ఎత్తు ఆనకట్ట మనుషుల భుజాల మీద లేచింది. ఆ పక్క నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

7. సరుకు

ఇసుకను చేతిలో నలిపి చూస్తే మట్టి అంటుకుంటుందా లేదా తెలుస్తుంది. ఇంకా నమ్మకంగా కావాలంటే గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు పోసి గట్టిగా ఊపి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. పైన పేరుకున్న ఒండ్రు పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే కడిగి వాడాలి లేదా తిప్పి పంపాలి. తడి ఇసుక ఉబ్బుతుంది, పావు వంతు దాకా ఎక్కువ కనబడుతుంది. వాన పడ్డాక డబ్బాలతో కొలిచి కలిపితే కాంక్రీటులో ఇసుక తక్కువ పడుతుంది. రోబో శాండ్ (రాయిని పొడిచేసిన ఇసుక) వాడితే కాంక్రీటుకి వేరే, ప్లాస్టరింగ్‌కి వేరే రకం అని షాపులో స్పష్టంగా చెప్పండి.

సిమెంటు సంచి మీద తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. మూడు నెలలు దాటింది తీసుకోవద్దు. నేలకు, గోడకు తగలకుండా చెక్కల మీద పేర్చి, ముందు వచ్చింది ముందు వాడండి.

8. స్లాబు రోజు, దానికి ముందు మూడు రోజులు

ఎక్కువ సేపు ఇక్కడ ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే కప్పబడిపోతాయి.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక ఇంటి ప్లింత్ బీమ్‌లో ఊచల కింద కవర్ బ్లాకులు (ఊచను అచ్చుకు తగలకుండా ఎత్తిపెట్టే చిన్న దిమ్మెలు) లేవని సాయంత్రం చూశాను. పొద్దున్నే అవి పెట్టించాకే కాంక్రీటు పోయిద్దాం అని మేస్త్రీకి చెప్పి ఇంటికి వెళ్లాను. తెల్లారి వచ్చేసరికి కాంక్రీటు పోసేశారు. మరో చోట పని ఉందట, తొందరపడ్డారు. నేను ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఏడేళ్లకు ఆ ఇంటివాళ్లు ఫోన్ చేశారు. బీమ్ అడుగున పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచ కనిపిస్తోంది. ఆ ఇంటి పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆ తర్వాత నుంచి చెక్ లిస్టు మీద సంతకం పడకుండా మిక్సరు తిప్పనివ్వను. పెద్ద సైట్లలో దీన్నే పోర్ కార్డ్ అంటారు. మీ సైట్ ఎంత చిన్నదైనా ఒక నోటు పుస్తకంలో ఆ పని చేయండి.

మూడు రోజుల ముందు సెంట్రింగ్ చూడాలి. జాకీల (అచ్చును మోసే నిలువు ఆసరాల) కింద గట్టి నేల, చెక్క ముక్క ఉన్నాయా? ఒక్కో జాకీని చేత్తో ఊపి చూడండి, కదలకూడదు. రేకుల మధ్య సందులుంటే సిమెంటు పాలు కారిపోయి అడుగున తేనెతుట్టెలా గుల్లలు మిగులుతాయి. టేపు అంటించండి.

తర్వాత ఊచలు. డ్రాయింగ్ చేతిలో పట్టుకుని దూరాలు కొలవండి. స్లాబుకు కనీసం 20 మి.మీ., స్తంభానికి 40, ఫుటింగుకు 50 మి.మీ. కవరు, అంటే ఊచ మీద కాంక్రీటు మందం, ఉండాలి. దూలం, స్తంభం కలిసే చోట ఊచలను చుట్టే రింగులు దగ్గర దగ్గరగా ఉండాలి, కొక్కేలు 135 డిగ్రీలకు లోపలికి వంగి ఉండాలి. తొంభైకే వంచి వదిలేస్తే భూకంపంలో రింగు విచ్చుకుపోతుంది. దూలాల పైన వచ్చే పై ఊచలు కాళ్ల కింద పడి అణిగిపోవడం మన సైట్లలో అన్నిటికంటే మామూలు తప్పు. ఆ ఊచ పైన ఉండాల్సిందే, కిందికి దిగితే ఉన్నా లేనట్టే. కింద ఊచతో చేసిన కుర్చీలు పెట్టి, కాంక్రీటు గ్యాంగు నడవడానికి పైన చెక్కలు పరిపించండి.

ఎలక్ట్రీషియన్, ప్లంబరు ముందు రోజే రావాలి. ఫ్యాన్ బాక్సులు, పైపులు, బాత్‌రూమ్ పల్లం అన్నీ చూసి ఫోటోలు తీయండి. తర్వాత స్లాబును డ్రిల్ చేయడం కంటే ఇప్పుడు ఒక గంట ఆగడం మేలు.

పోసే రోజు పొద్దున్న: కాంక్రీటును కుదించే వైబ్రేటర్లు రెండు, వాటికి అదనపు నీడిల్, టార్పాలిన్లు, తోడుగా ఒక ఎలక్ట్రీషియన్. కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పోస్తే పని సులువవుతుంది, బలం పోతుంది. ఎం20కి నీరు, సిమెంటు నిష్పత్తి 0.55 దాటకూడదు, అంటే బస్తాకు 27 లీటర్ల చుట్టూ, ఇసుకలోని తడితో కలిపి. పైపుతో అందాజాగా పోయనివ్వకండి, మార్కు చేసిన బకెట్ ఇవ్వండి. రెడీమిక్స్ తెప్పిస్తే చలానా మీద ప్లాంటులో నీళ్లు కలిపిన సమయం చూడండి, రెండు గంటల్లో ఖాళీ కావాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని గట్టిపడిన లారీలో డ్రైవరు నీళ్లు కొట్టబోతే ఆపండి.

క్యూబులు, అంటే బలం పరీక్షకు అదే కాంక్రీటుతో పోసే దిమ్మెలు, తీయడం మర్చిపోవద్దు. 6 నుంచి 15 ఘనపు మీటర్లకు 2 శాంపిళ్లు, 16 నుంచి 30 దాకా 3. ఒక్కో శాంపిల్‌కు మూడు క్యూబులు, 150 మి.మీ. సైజు. దూలాలతో కలిపి మన స్లాబు 16 దాటుతుంది, కాబట్టి తొమ్మిది. అసలు తీర్పు 28 రోజుల బలమే. ఏడో రోజు ఇంకో క్యూబు పగలగొడితే సుమారు మూడింట రెండు వంతుల బలం కనబడాలి.

మధ్యలో వాన వస్తే కప్పండి. తప్పనిసరిగా ఆపాల్సి వస్తే స్లాబు మధ్య భాగంలో నిలువుగా అడ్డుచెక్క పెట్టి ఆపాలి, దూలం అంచున కాదు.

మర్నాడు మడులు కట్టి నీళ్లు నిలపండి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ, స్లాగ్ కలిసిన పీఎస్సీ లాంటి వాటికి 10 రోజులు. మన ఎండలకు 14 రోజులు చేయించమంటాను. స్తంభాలకు గోనె పట్టాలు చుట్టి తడపాలి, వాటినే అందరూ మర్చిపోతారు. స్లాబు కింద జాకీలు 4.5 మీటర్ల లోపు గదులకు 7 రోజులు, అంతకంటే పెద్దవాటికి 14 రోజులు. దూలాల కింద 6 మీటర్ల వరకు 14, ఆ పైన 21 రోజులు. సెంట్రింగ్ వాళ్లు అద్దె సామాను కోసం ముందే వస్తారు. తేదీ రాసిన పుస్తకం చూపించి వెనక్కి పంపండి.

9. పని చేసేవారి ప్రాణం

హెల్మెట్టు, బూట్లు, ఎత్తులో పనిచేసేవారికి బెల్టు, స్లాబు అంచున రెయిలింగ్ లేదా కనీసం బాదులతో కంచె. లిఫ్ట్ గుంత, మెట్ల ఖాళీ మూసి ఉంచాలి. ఇంటి పక్కనే కరెంటు తీగలుంటే విద్యుత్ శాఖకు ముందే దరఖాస్తు పెట్టండి, ఊచలు పైకి లాగేటప్పుడే ఎక్కువగా తగులుతాయి.

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల సెస్ చట్టంతో నిర్మాణ ఖర్చు మీద 1 శాతం సెస్ మొదలైంది. ఆ డబ్బు కార్మిక సంక్షేమ బోర్డుకు వెళ్తుంది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవారు సభ్యులుగా చేరవచ్చు. ప్రమాదం, కాన్పు, పెళ్లి లాంటి వాటికి సాయం అందుతుంది. అర్హత ఉండి కూడా కార్డు లేనివారు చాలామంది నాకు కనిపించారు. మీ సైట్‌లో ఒక రోజు కేటాయించి అందరితో దరఖాస్తు చేయించండి. రోజూ అనుమతులు, బిల్లుల కాగితాలు నింపే చేతికి ఇది పెద్ద పని కాదు.

తాగే నీళ్లు, నీడ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. ఇది ఒప్పందంలో ఒక ఐటెంగా రాయించండి. రాయకపోతే ఎవరూ పెట్టరు.

10. పుస్తకం, బిల్లు

రోజూ సాయంత్రం పావుగంట డైరీకి ఇవ్వండి. తేదీ, వాతావరణం, ఏ బ్యాచ్ ఎంతమంది, వచ్చిన సరుకు, జరిగిన పని ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎవరు ఏం చెప్పారు, పని ఆగితే ఎందుకు ఆగింది. ఆర్నెల్ల తర్వాత ఆలస్యానికి కారణం ఎవరని తగాదా వచ్చినప్పుడు అందరి జ్ఞాపకాలూ మారిపోతాయి, డైరీ మారదు.

ప్రభుత్వ పనుల్లో ఈ క్రమశిక్షణ వందేళ్ల పైనుంచి ఉంది. ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వం ప్రకటించే ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లతో అంచనా, సాంకేతిక మంజూరు, ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండరు, ధరావతు, అగ్రిమెంటు, ఆ తర్వాత ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం. ఎం-బుక్ పేజీలకు నంబర్లుంటాయి, చింపడానికి వీల్లేదు, తప్పు రాస్తే కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. పునాది తవ్వకం లాంటివాటిని కప్పేయక ముందే కొలిచి ఎక్కించాలి. దాన్నిబట్టే రన్నింగ్ బిల్లు పాసవుతుంది, దాంట్లోంచి కొంత పట్టి ఉంచి నిర్వహణ గడువు తీరాక ఇస్తారు. ఆ పద్ధతిలోని జాగ్రత్తను ఇంటి పనికీ తెచ్చుకోండి. ఎస్టిమేట్‌లో ఎంత, నిజంగా పడింది ఎంత అని స్లాబు స్లాబుకీ పక్కపక్కన రాస్తే, రెండో ఇంటికల్లా మీ ఎస్టిమేట్ మీద మీకే నమ్మకం కుదురుతుంది.

పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే హైదరాబాద్ మాదాపూర్‌లో 1998లో ఏర్పడిన న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఉంది. అక్కడ మేస్త్రీ పనులకూ శిక్షణ ఇస్తారు, ఇంజినీర్లకూ ఇస్తారు.

11. అప్పగింత

గృహప్రవేశం తేదీ ముందే పెట్టేస్తారు, ఆఖరి పదిహేను రోజులు పెయింటర్లు, టైల్స్ వాళ్లు, వడ్రంగులు ఒకరి మీద ఒకరు పడి పనిచేస్తారు. కనీసం నెల ముందు గది గదికీ తిరిగి లోపాల జాబితా రాయండి. బాత్‌రూముల్లో నీళ్లు నింపి రెండు రోజులు వదిలి కింద గది సీలింగ్ చూడండి. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పండి. టైల్స్‌ను నాణెంతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే మార్పించండి. మేడ మీద నీళ్లు పోసి అది ఎటు పారుతుందో చూడండి.

తాళాలతో పాటు యజమాని చేతికి ఒక ఫైలు ఇవ్వండి. కట్టినది కట్టినట్టుగా దిద్దిన డ్రాయింగులు, క్యూబు రిపోర్టులు, బోరు లోతు, మోటారు వారంటీ. దాంట్లో ప్లాస్టరింగ్‌కి ముందు తీసిన గోడల ఫోటోలు తప్పకుండా పెట్టండి, ప్రతి ఫోటోలో కొలత టేపు కనబడేలా. ఏసీ బిగించడానికో, దేవుడి పటం కొట్టడానికో గోడకు డ్రిల్ పెట్టే ముందు ఆ ఇంటివాళ్లు ఆ ఫోటో తెరిచి, కరెంటు పైపు గడపకు ఎన్ని అంగుళాల దూరంలో వెళ్తుందో కొలుచుకుంటారు.

మొదటి పెద్ద వాన పడిన మర్నాడు, పిలవకపోయినా ఒకసారి వెళ్లి మేడ మీదికి ఎక్కి రండి.